హామ్ యాంటెన్నాకు ఏ ఆధారం మేలు: పైపా, స్టే వైర్ల టవరా, సొంతంగా నిలిచే టవరా, పడుకోబెట్టే మాస్టా?

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో కొత్తగా హామ్ (అభిరుచి కొద్దీ నడిపే రేడియో) లైసెన్సు చేతికొచ్చినవారు ఏ రేడియో సెట్టు కొనాలన్న దాని మీద నెలల తరబడి ఆలోచిస్తారు గానీ, యాంటెన్నాను దేని మీద నిలబెట్టాలన్న ప్రశ్నను మాత్రం ఊళ్లోని వెల్డింగ్ షాపుకు వదిలేస్తారు. షాపతనికి గేట్లు, రేకుల షెడ్లు తెలుసు. పన్నెండు మీటర్ల ఎత్తున గాలికి ఎదురు నిలిచే వస్తువును ఏడాదికి రెండుసార్లు కిందికి దించి చూడవలసి వస్తుందన్న సంగతి అతనికి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. ఆ ఆలోచన మనం చేసుకోవాలి. ఏ ఆధారాన్ని ఎంచుకోవాలో తేల్చేటప్పుడు, అది ఎంత ఎత్తుకు వెళ్తుందన్న దాని కన్నా, చెడిపోయిన రోజున యాంటెన్నా ఎవరి చేత, ఎలా కిందికి వస్తుందన్నదే మొదట అడగాలని నా అభిప్రాయం. కింద చెప్పే పోలిక అంతా ఆ ప్రశ్న చుట్టూ తిరుగుతుంది.

ఎత్తు ఎంత కావాలి

ఎత్తు పెరిగిన కొద్దీ మంచిదన్న మాట సగమే నిజం. 40 మీటర్ల బ్యాండులో, అంటే మన దేశంలో 7.0 నుంచి 7.2 మెగాహెర్ట్జ్ వరకు, హాఫ్‌వేవ్ డైపోల్ (సగం తరంగదైర్ఘ్యం పొడవుండి, నడుమ కేబుల్ కలిపే తీగ యాంటెన్నా) పొడవు సుమారు 20 మీటర్లు ఉంటుంది. దానిని ఎనిమిది, తొమ్మిది మీటర్ల ఎత్తున కడితే సంకేతంలో ఎక్కువ భాగం నిటారుగా పైకి పోయి, పై వాతావరణంలోని విద్యుదావేశ పొర అయిన అయనోస్ఫియర్‌ను తాకి తిరిగి దిగి, చుట్టూ కొన్ని వందల కిలోమీటర్ల మేర పడుతుంది. మన రాష్ట్రంలోనూ పొరుగు రాష్ట్రాల్లోనూ మాట్లాడుకోవడానికి ఇదే కావలసింది. ఖండాలు దాటి మాట్లాడాలనుకునేవారికి మాత్రం సంకేతం తక్కువ కోణంలో బయలుదేరాలి, అందుకు యాంటెన్నా కనీసం సగం తరంగదైర్ఘ్యం ఎత్తున ఉండాలి. 14 మెగాహెర్ట్జ్‌కు ఆ ఎత్తు పది మీటర్లు మాత్రమే గనుక అందుబాటులోనే ఉంటుంది. 7 మెగాహెర్ట్జ్‌కు అదే ఇరవై మీటర్లవుతుంది, ఇంటి మిద్దె మీద అది కుదిరే పని కాదు.

144 నుంచి 146 మెగాహెర్ట్జ్ వరకు ఉండే రెండు మీటర్ల బ్యాండు లెక్క వేరు. అక్కడ రేడియో దిగంతం (సంకేతం నేరుగా చేరగల హద్దు) దూరం, కిలోమీటర్లలో, మీటర్లలో చెప్పిన ఎత్తు వర్గమూలానికి 4.12 రెట్లు. పన్నెండు మీటర్లకు అది 14 కిలోమీటర్లు, ఇరవై నాలుగు మీటర్లకు 20 కిలోమీటర్లు. అంటే టవర్ ఎత్తును రెట్టింపు చేసినా లాభం ఆరు కిలోమీటర్లే. అవతలి స్టేషన్ ఎత్తు కూడా దీనికి కలుస్తుంది కాబట్టి, హైదరాబాదులో ఎత్తైన చోట ఉన్న రిపీటర్ (సంకేతాన్ని అందుకుని తిరిగి పంపే స్టేషన్) ఇంకొంత దూరం నుంచి అందవచ్చు. కానీ నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా ఉన్న వంద కిలోమీటర్ల దూరాన్ని మిద్దె మీది పైపుతో రోజూ నమ్మకంగా దాటగలమనుకోవడం పొరపాటు. మన రెండు జిల్లాల్లోనూ ఊరికో గుట్ట ఉన్నందున, వారాంతంలో చేతి సెట్టుతో గుట్ట ఎక్కడం టవర్ కట్టడం కన్నా ఎంతో చౌక.

కేబుల్ సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. 145 మెగాహెర్ట్జ్ వద్ద ముప్పై మీటర్ల సన్నని ఆర్‌జీ-58 కేబుల్ సుమారు ఆరు డెసిబెళ్లు మింగేస్తుంది, అంటే సెట్టు నుంచి బయలుదేరిన శక్తిలో పావు వంతే పైకి చేరుతుంది. అదే పొడవు లావైన ఆర్‌జీ-213లో సగానికి పైగా చేరుతుంది. సన్నని కేబుల్‌తో ఎత్తైన టవర్ కట్టినవారు, ఎత్తు వల్ల వచ్చిన లాభాన్ని కేబుల్‌లోనే పోగొట్టుకుంటారు.

గాలి, నేల, చుట్టుపక్కల

మన దగ్గర సముద్రపు తుపాను నేరుగా తాకకపోయినా, ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట దుమ్ము లేపుతూ వచ్చే గాలివాన పావుగంటలోనే రేకులు లేపుకుపోతుంది. గాలి భారానికి సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో హైదరాబాదుకు ఇచ్చిన మూల వేగం సెకనుకు 44 మీటర్లు. మనమూ లెక్కకు కనీసం ఆ అంకె తీసుకోవాలి. ఆ వేగం వద్ద చదరపు మీటరుపై పడే ఒత్తిడి సుమారు 118 కిలోల బరువుకు సమానం. అర చదరపు మీటరు విస్తీర్ణం గల మూడు ఎలిమెంట్ల (అడ్డ కడ్డీల) బీమ్ యాంటెన్నాపై, అంటే ఒక దిక్కుకే సంకేతం పంపేదానిపై, దాదాపు 60 కిలోల తోపు పడుతుంది. పన్నెండు మీటర్ల ఎత్తున అది అడుగున 720 కిలోగ్రామ్-మీటర్ల వంపు బలంగా మారుతుంది. గాలి వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగు రెట్లవుతుందన్నది కూడా మరిచిపోకూడదు. ఒంటి తీగ డైపోల్‌కు ఈ బాధ దాదాపు లేదు, అందుకే తీగతో సరిపెట్టుకోగలిగినవారికి సగం ఖర్చు అక్కడే తప్పుతుంది.

నేల విషయంలో రెండు ఉమ్మడి జిల్లాలూ ఒకే రకం కావు, ఒకే మండలంలో కూడా రెండు రకాలుంటాయి. దేవరకొండ, నల్లగొండ వైపు ఎర్రని చెలక నేలలో మీటరు తవ్వేసరికి బండ తగలడం మామూలే. అలంపూర్, మక్తల్ వైపు నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు చేయి పట్టేంత నెర్రెలు విచ్చుతుంది. బండ ఉన్నచోట దానినే లంగరుగా వాడుకోవచ్చు. బావుల్లో కంప్రెషర్‌తో రంధ్రాలు వేసేవారిని పిలిపించి, 60 సెంటీమీటర్ల లోతు రంధ్రంలో 25 మిల్లీమీటర్ల ఇనుప రాడ్‌ను గ్రౌట్‌తో దిగ్గొడితే, స్టే వైరుకు (ఆధారం ఒరగకుండా పక్కలకు లాగి కట్టే తీగకు) అంతకన్నా గట్టి పట్టు దొరకదు. అయితే ముందు సుత్తితో కొట్టి వినాలి. ఖంగుమంటే బండ గట్టిది, డబడబలాడితే పొరలుగా విడిపోతున్నది. రేగడిలో మాత్రం పైపైన పోసిన కాంక్రీటు దిమ్మె ఏటా కాస్త లేచి కాస్త దిగుతుంది, దానితో పాటు స్టే వైర్ల బిగువు మారుతుంది. అక్కడ మూడు, మూడున్నర మీటర్ల లోతుకు దిగే పైల్ పునాదే నమ్మదగినది, లేదా పునాది అవసరమే లేని మార్గం ఎంచుకోవాలి.

చెలక నేలకు మరో లోపం ఉంది. ఎండాకాలంలో అది విద్యుత్తును సరిగా లాగదు. బండ అడ్డొచ్చి రెండున్నర మీటర్ల ఎర్త్ రాడ్ నిటారుగా దిగని చోట, అడుగున్నర లోతు కాలువలు తవ్వి మూడు నాలుగు దిక్కులకు జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పట్టీలు పరచి, వాటిని ఇంటి ఎర్తింగ్‌తో తప్పనిసరిగా కలపాలి. ఉప్పు, బొగ్గు వేసిన పాతకాలపు గుంత అయితే వేసవిలో వారానికొక బిందె నీళ్లు పోయాలి. ఇవన్నీ చేసినా పిడుగు నేరుగా పడితే సెట్టు మిగులుతుందన్న హామీ లేదు కనుక, ఉరుములు మొదలవకముందే కేబుల్ ఊడదీసి కిటికీ బయట వేయడమే మంచి అలవాటు.

కరెంటు తీగల విషయంలో రాజీ ఉండకూడదు. మాస్టు (యాంటెన్నాను మోసే నిలువు కంబం) మొత్తం పొడవుకు మూడు మీటర్లు కలిపి, అంత దూరంలో ఏ దిక్కునా విద్యుత్ తీగ లేకుండా చూసుకోవాలి. పొలాల మీదుగా పోయే 11 కేవీ లైను అలవాటుగా కళ్లకు ఆనదు, పైపు పైకి లేపుతున్నప్పుడు అందరి చూపూ పైపు మీదే ఉంటుంది. ఇక షాద్‌నగర్, కొత్తూరు వైపు ఉన్నవారు శంషాబాద్ విమానాశ్రయం చుట్టూ ఎత్తు పరిమితులు చూపే రంగుల మ్యాపును ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ వెబ్‌సైటులో తప్పక చూడాలి. మిగతావారు కూడా తమ లైసెన్సులో టవర్ ఎత్తు, సాక్ఫా (టవర్ స్థలాన్ని పరిశీలించే కేంద్ర ప్రభుత్వ కమిటీ) అనుమతి గురించి ఉన్న షరతులు చదివాకే సిమెంటు తెప్పించుకోవడం ఉత్తమం.

చెట్టు, తీగ

అన్నిటికన్నా చవకైనది ఇదే, నల్లగొండ వాళ్లకు మరీ సులువు, ఎందుకంటే పొలం గట్టు మీద తాటిచెట్టు ఉండనే ఉంటుంది. చెట్టు మొదలు నుంచి తల వరకు పది, పదిహేను మీటర్లు సునాయాసంగా దొరుకుతుంది. చెట్టెక్కే పని గీత కార్మికుడిదే, మనది కాదు. మోకు, ముస్తాదు ఉన్నవారికి అది నిత్యకృత్యం, పైగా 2024 నుంచి ప్రభుత్వం ఇస్తున్న కాటమయ్య రక్షణ కవచం కిట్లు ఇప్పుడు కొందరి దగ్గర ఉన్నాయి. నేను తొలిసారి డైపోల్ కొనను నేరుగా చెట్టుకే కట్టించబోతే, చెట్టెక్కినాయన కింది నుంచే ఆపాడు: "సారూ, గాలికి చెట్టు ఊగుతది, మీ తీగ ఊగది, నడుమ తెగుతది." ఆయన చెప్పింది నిజం. చెట్టుకు కప్పీ మాత్రమే కట్టించి, దాని గుండా పాలిస్టర్ తాడు వేసి, తాడు అవతలి కొనకు ఇసుక నింపిన డబ్బా వేలాడదీస్తే, చెట్టు ఊగినప్పుడల్లా డబ్బా పైకీ కిందికీ కదులుతుంది తప్ప తీగ మీద లాగుడు పడదు. ఆ తర్వాత యాంటెన్నా దించడానికి తాడు వదిలితే చాలు, చెట్టెక్కనవసరం లేదు. నైలాన్ తాడు ఎండకు సాగి పెళుసుబారుతుంది, పాలిస్టర్‌దే వాడాలి.

లోపాలూ ఉన్నాయి. దిక్కు మార్చలేం, బీమ్ పెట్టలేం, చెట్టు పక్క రైతుదైతే ఆయన మాటకు లోబడి ఉండాలి.

మిద్దె మీద జీఐ పైపు

పట్టణంలో ఉండేవారిలో ఎక్కువ మంది ఇక్కడికే వస్తారు. ఆరు మీటర్ల జీఐ పైపు, నాలుగు దిక్కులా స్టే వైర్లు, పైన వీహెచ్‌ఎఫ్ (రెండు మీటర్ల బ్యాండు వంటివాటికి) వర్టికల్ అనే నిలువు కడ్డీ యాంటెన్నా లేదా ఇన్వర్టెడ్-వీ డైపోల్, అంటే నడిమి భాగం పైన, కొసలు కిందికి వాలినది. స్లాబు ఎత్తుతో కలిపి నేల నుంచి సుమారు పది మీటర్లవుతుంది కాబట్టి, చాలా అవసరాలకు ఇది సరిపోతుంది.

పైపు కొనేటప్పుడు దాని మీది రంగు పట్టీ చూడాలి. పసుపు పట్టీ ఉంటే ఎ-క్లాస్, అంటే పలుచనిది. నీలం అయితే బి-క్లాస్. ఎరుపు అయితే సి-క్లాస్. కనీసం నీలం పట్టీ ఉన్న 50 మిల్లీమీటర్ల పైపు తీసుకోవాలి. అది కూడా అనుకున్నంత గట్టిది కాదు. సుమారు 185 కిలోగ్రామ్-మీటర్ల వంపు బలానికి అది శాశ్వతంగా వంగడం మొదలవుతుంది. అంటే స్టే వైర్లు లేకుండా ఆరు మీటర్ల పైపు కొన మీద ముప్పై కిలోల తోపు పడితే చాలు. గాలి పైపు మీద కూడా పడుతుంది కనుక అసలు పరిమితి ఇంకా తక్కువ. స్టే వైర్లు అలంకారానికి కావన్నది ఈ లెక్కలోనే ఉంది.

స్టే వైరు కొసలను పిట్టగోడకు కట్టకూడదు, ఆ ఇటుకలు తోపుకే తప్ప లాగుడుకు నిలవవు. కాలమ్ మీదనుంచి పైకి వదిలిన సలాకలుంటే వాటికి, లేదంటే ఇంటి కాంక్రీటు బీమ్‌కు బిగించిన లంగరుకు కట్టాలి. స్లాబు మధ్యలో డ్రిల్లు వేస్తే మొదటి వానకే కింద గదిలో చెమ్మ కనబడుతుంది.

ఇక కోతులు. మన ఊళ్లలో ఏ మిద్దె యాంటెన్నాకైనా పెద్ద శత్రువు గాలి కాదు, కోతుల గుంపే. స్టే వైరు వాటికి ఊయల, కేబుల్ వాటికి నమిలే వస్తువు. కేబుల్‌ను పైపు లోపలి నుంచి దించి, బయటికి వచ్చే చివరి రెండు మీటర్లు పీవీసీ గొట్టంలో పెడితే ఆ బాధ చాలా తగ్గుతుంది. సంక్రాంతి తర్వాత మాంజా తీగలు చుట్టుకుని ఉంటాయి, వాటిని కోసి తీయాలి.

పడుకోబెట్టే మాస్టు

కాస్త ఖాళీ జాగా ఉన్నవారికి నేను మొదట చెప్పేది ఇదే. రెండు గట్టి స్తంభాల మధ్య ఇరుసు మీద తిరిగే మాస్టును చేతి వించ్‌తో (పిడి తిప్పి తాడు చుట్టే యంత్రంతో) లేపుతాం, దించుతాం. యాంటెన్నా బాగుచేయడానికి ఎవరూ ఎక్కనవసరం లేదు, పని మొత్తం నడుము ఎత్తులోనే జరుగుతుంది.

50 మిల్లీమీటర్ల బి-క్లాస్ పైపులో 40 మిల్లీమీటర్లది చక్కగా దూరుతుంది. 60 సెంటీమీటర్లు లోపలికి పోనిచ్చి బోల్టులు వేస్తే మొత్తం పొడవు 11.4 మీటర్లు వస్తుంది. రెండు పైపులూ కలిపి యాభై కిలోలు, పైన పది కిలోల యాంటెన్నా అనుకుంటే, పడుకుని ఉన్నప్పుడు ఇరుసు దగ్గర సుమారు 380 కిలోగ్రామ్-మీటర్ల బలం కావాలి. అడుగున మాస్టుకు లంబంగా మూడు మీటర్ల సహాయక పైపు బిగించి, దాని కొన నుంచి మూడు మీటర్ల దూరాన ఉన్న లంగరుకు తాడు వేస్తే, వించ్ మీద మొదట్లో సుమారు 180 కిలోల లాగుడు పడుతుంది, మాస్టు లేచే కొద్దీ అది తగ్గుతుంది. కనుక అరటన్ను వించ్ సరిపోతుంది.

ఇక్కడ నా తప్పు చెప్పుకోవాలి. మొదటిసారి లేపినప్పుడు సహాయక పైపు నుంచి మాస్టుకు ఒక్క తాడే, అదీ మూడు మీటర్ల దగ్గరే కట్టాను. ఇరుసు దగ్గర కావలసిన 380, పైపు భరించే 185 అన్న లెక్క అప్పటికి వేసుకోలేదు. కొన నేల మీది నుంచి మోకాలెత్తు లేచిందో లేదో, తాడు కట్టినచోటే పైపు విల్లులా ఒంగి, పై సగం నేల మీదే ఉండిపోయింది. జింకు పూత ఒంపు దగ్గర సన్నగా పొరలు లేచి, చేత్తో రాస్తే బూడిదలా రాలింది. రెండోసారి ఆరు మీటర్ల దగ్గర ఒకటి, కొనకు కొంచెం కింద ఇంకొకటి, రెండు తాళ్లు కట్టాను. పైపు నిటారుగా లేచింది. పక్కలకు ఒరగకుండా ఇరువైపులా స్టే వైర్లు పట్టుకోవడానికి ఇద్దరు మనుషులు తప్పనిసరి, పడే దారిలో ఒక్కరూ నిలబడకూడదు.

మాస్టు పడుకోవడానికి పన్నెండు మీటర్ల నిడివి గల ఖాళీ దారి కావాలన్నదే దీని ప్రధాన పరిమితి. పెద్ద బీమ్‌కు ఇది పనికిరాదు, యాగీలనే చిన్న వీహెచ్‌ఎఫ్ బీమ్‌లకు, తీగ యాంటెన్నాలకు మాత్రమే సరి.

స్టే వైర్ల జాలీ టవర్, సొంతంగా నిలిచే టవర్

మూడేసి మీటర్ల త్రికోణపు ముక్కలను బోల్టులతో పేర్చుకుంటూ పోయే జాలీ టవర్ పొలమున్నవారిది. పద్దెనిమిది మీటర్ల టవర్‌కు స్టే వైర్ల లంగర్లు పాదం నుంచి పదకొండు మీటర్లకు తగ్గకుండా, 120 డిగ్రీల ఎడంతో మూడు దిక్కులా ఉండాలి. అంటే ఇరవై రెండు మీటర్లకు పైగా వెడల్పున్న వలయం. దున్నేటప్పుడు ట్రాక్టరు తగిలే ప్రమాదం ఉంటుంది కాబట్టి లంగర్ల దగ్గర తెల్ల సున్నం వేసిన కడీలు పాతాలి. వైరు బిగువు దాని తెగే బలంలో పదో వంతు ఉంటే చాలు, వీణ తంత్రిలా బిగిస్తే టవర్ కాళ్ల మీద అనవసర భారం పడుతుంది. వైరు క్లాంపు వేసేటప్పుడు దాని పళ్ల భాగం భారం మోసే వైరు మీద, యూ-బోల్టు మిగిలిన తోక మీద ఉండాలి. తిప్పి వేస్తే వైరు నలిగి అక్కడే తెగుతుంది, ఈ తప్పు నేను కనీసం మూడు టవర్లలో చూశాను.

సొంతంగా నిలిచే యాంగిల్ ఇనుప టవర్‌కు స్టే వైర్లు అక్కరలేదు, జాగా తక్కువ పడుతుంది, బీమ్‌నూ దాన్ని దిక్కు మార్చే రోటేటర్ మోటారునూ మోస్తుంది. ఆ సుఖానికి మూల్యం పునాదిలో చెల్లిస్తాం. పైన చెప్పిన 720 కిలోగ్రామ్-మీటర్లు ఒక్క బీమ్‌వే, టవర్ చట్రం మీద పడే గాలిని కూడా కలపాలి. ఒకటిన్నర మీటర్ల చతురస్రంలో 1.2 మీటర్ల లోతు కాంక్రీటు దిమ్మె ఆరున్నర టన్నులు తూగుతుంది, ఆ బరువే టవర్‌ను పడనివ్వకుండా పట్టి ఉంచుతుంది. ఈ కొలతను మాదిరిగానే చూడండి, కట్టే ముందు మాత్రం నిర్మాణ ఇంజనీరు చేత లెక్క వేయించాలి. కాంక్రీటును కనీసం వారం రోజులు తడపాలి, పూర్తి బలానికి 28 రోజులు ఆగాలి.

ఈ రెంటికీ ఎక్కేవాడు కావాలి. ఫుల్ బాడీ హార్నెస్, రెండు కొక్కేల తాళ్లు, ఒకటి విప్పేటప్పుడు రెండోది తగిలించి ఉండటం, కింద ఒక మనిషి: వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఎక్కడం మానుకోవాలి. నడుముకు కట్టే బెల్టు మాత్రమే ఉంటే అది పడ్డప్పుడు వెన్నును విరుస్తుంది.

| ఆధారం | వాడదగిన ఎత్తు | జాగా | దించడం | బీమ్ మోస్తుందా |
|---|---|---|---|---|
| చెట్టు, తీగ | 10–15 మీటర్లు | చెట్టు నుంచి చెట్టుకు | తాడు వదిలితే చాలు | మోయదు |
| మిద్దె పైపు | స్లాబు మీద 6 మీటర్లు | మిద్దె | ముగ్గురు మనుషులు | చిన్న వీహెచ్‌ఎఫ్‌ది |
| పడుకోబెట్టే మాస్టు | 11–12 మీటర్లు | 12 మీటర్ల దారి | వించ్, ముగ్గురు | చిన్న వీహెచ్‌ఎఫ్‌ది |
| జాలీ టవర్ | 12–18 మీటర్లు | విశాలమైన పొలం | ఎక్కాలి | మధ్యరకం |
| సొంతంగా నిలిచేది | 12–15 మీటర్లు | తక్కువ | ఎక్కాలి | మోస్తుంది |

ఎవరికి ఏది

అద్దె ఇంట్లో ఉండే ఉద్యోగి మిద్దె పైపు దగ్గరే ఆగాలి, అదీ ఇంటి యజమాని ఒప్పుకున్నాక. చెలకలో సొంత పొలం ఉండి, వయసు నలభై దాటినవారు జాలీ టవర్ మీద మోజు ఎంత ఉన్నా పడుకోబెట్టే మాస్టునే చూడాలి. పదేళ్ల తర్వాత పైకి ఎక్కేది ఎవరన్న ప్రశ్నకు టవర్ జవాబు చెప్పదు. నల్లరేగడి వాళ్లకు చెట్టు, తీగ అత్యుత్తమం. ఖండాంతర పోటీల్లో పాల్గొంటూ, ఎక్కగల మిత్రులు ఇద్దరైనా తోడున్నవారికే సొంతంగా నిలిచే టవర్ ఖర్చు తగినది.

పాత టవర్ ముక్కలు కొనేవారు కాళ్ల గొట్టాలను లోపలి నుంచి చూడాలి. బయట వెండి రంగు నిగనిగలాడుతున్నా లోపల నీరు నిలిచి తుప్పు తినేసి ఉండవచ్చు. సుత్తి మొనతో అడుగు భాగాన్ని తట్టితే తెలిసిపోతుంది. ఏ గొట్టానికైనా అట్టడుగున ఎనిమిది మిల్లీమీటర్ల రంధ్రం ఉండాలి, లేకపోతే వేయించాలి. పూత వేసిన పైపుకు వెల్డింగ్ చేయిస్తే కాలిన చోట అదే రోజు జింకు పెయింటు పూయించాలి. నేను నమ్మి వదిలేసిన ఒక షాపులో అది చేయకపోగా పైన వెండి రంగు కొట్టి ఇచ్చారు, మూడో వానాకాలానికి అతుకు చుట్టూ టీ డికాషన్ రంగు చారలు కారాయి.

మార్చి నెలాఖరులో, అంటే గాలివానలు మొదలయ్యే ముందు ఒకసారి, దసరా దాటి వానలు వెనుకపట్టాక మరొకసారి మొత్తం దించి చూడాలి. బోల్టులు, క్లాంపుల కింద తుప్పు, తాడు రాపిడి, కేబుల్ కొనలో నీరు, ఎర్త్ కలిసే చోటు చూసుకోవాలి. ఎక్కాల్సిన టవర్లలో ఈ రెండో తనిఖీ సాధారణంగా మరుసటి ఏడాదికి వాయిదా పడుతుంది. పడుకోబెట్టే మాస్టులో అది ఒక ఆదివారం ఉదయం పని.